మూడంగుళాల మర

1991 అక్టోబరు 20న కాలిఫోర్నియాలోని ఓక్లండ్ కొండల మీద ఇళ్లు అంటుకున్నాయి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఫైరింజన్లు పరుగున వచ్చాయి. వాటి గొట్టాల మర 2.5 అంగుళాలు, ఓక్లండ్ హైడ్రెంట్లది 3 అంగుళాలు. మధ్యలో బిగించే అడాప్టర్లు అందరి దగ్గరా లేవు. దానికితోడు కరెంటు పోయి, కొండ మీదికి నీళ్లెక్కించే పంపులూ ఆగాయి. 25 మంది చనిపోయారు. మూడు వేలకు పైగా నివాసాలు బూడిదయ్యాయి.

ఆ మంటల్లో సొంత ఇల్లు పోగొట్టుకున్నవారిలో రాష్ట్ర సెనేటర్ నికొలస్ పెట్రిస్ ఒకరు. ఆయన తెచ్చిన చట్టం 1993లో అమల్లోకి వచ్చింది. దాని వల్ల పుట్టిన పద్ధతిని అక్కడివాళ్లు సెమ్స్ అంటారు. ఆపద వస్తే ఏ నగరమైనా ఒకే అమరికలో, ఒకే పేర్లతో పనిచేయాలన్నది దాని సారం. పాటించని నగరాన్ని ఎవరూ జైల్లో పెట్టరు. సిబ్బందికైన ఖర్చు మాత్రం రాష్ట్రం తిరిగి ఇవ్వదు. చట్టం రాసినవాళ్లకు మునిసిపాలిటీల నాడి బాగా తెలుసు!

లోపలి యంత్రం మాత్రం పాతదే. 1970లో దక్షిణ కాలిఫోర్నియా పదమూడు రోజులు తగలబడి పదహారు మంది చనిపోయాక, అగ్నిమాపక దళాలు కూర్చుని చెక్కుకున్న ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్ అది. నగరాలు దాన్ని స్వీకరించడమంటే, మంటలార్పేవాళ్ల అలవాటును రోడ్ల ఇంజనీరుకూ, పార్కుల అధికారికీ, పద్దుల గుమాస్తాకూ నేర్పడం. పనులు ఐదు: నాయకత్వం, రంగంలో చర్య, ప్రణాళిక, సరఫరా, పద్దులు.

పనితనమంతా అతుకుల్లో ఉంది. ముందుగా చేరుకున్నవాడే కమాండర్, అది ఒక్క ఇంజను కెప్టెనైనా సరే. ఐదు పనులూ అతని నెత్తినే. బరువు పెరిగితే ఒక్కొక్కటీ వేరేవాళ్లకు అప్పగిస్తాడు. అప్పగించనిది అతని దగ్గరే ఉంటుంది. అందువల్ల కుర్చీ ఖాళీగా ఉన్నా, పని అనాథ కాదు. చిన్న గ్యాస్ లీకుకూ పెద్ద భూకంపానికీ ఇదే అమరిక సాగుతుంది, ముడుచుకుంటుంది. ఒక్కొక్కరి చేతికింద ముగ్గురి నుంచి ఏడుగురి దాకా ఉండాలి, ఐదుగురైతే మేలు. ఎవరికైనా పైఅధికారి ఒక్కరే.

పెద్ద అధికారి వచ్చినంత మాత్రాన నాయకత్వం ఆయన చేతికి పోదు. ఉన్నవాడు పరిస్థితి వివరించాలి, వచ్చినవాడు తీసుకున్నానని చెప్పాలి, ఆ మాట అందరికీ తెలియజేయాలి. సారు కారు దిగగానే పక్కకు జరగడం అలవాటైన మనకు ఇది కాస్త విడ్డూరమే. ఆ అప్పగింతకు 201 నంబరు ఫారం ఉంది. అందులో ముందు చేతితో గీసే పటం, తర్వాత జరిగింది, చేయాల్సింది, ఎవరెక్కడ, ఏ బండ్లు వచ్చాయి. రాత్రి రెండింటికి నిద్రకళ్లతో వచ్చినవాడికి మాటలకంటే గీత తొందరగా ఎక్కుతుందని తెలిసినవాడెవరో దాన్ని తయారుచేసి ఉంటాడు.

రేడియోలో సంకేతసంఖ్యలు వద్దు, మామూలు మాటలే వాడమంటుంది ఈ పద్ధతి. ఒక ఊళ్లో ఒక అంకెకున్న అర్థం పక్క ఊళ్లో ఉండదు. అదీ కుదరని మరే. విధుల్లో వేసుకునే వెస్టు మీద కూడా మనిషి పేరు రాయరు, హోదా రాస్తారు. షిఫ్టు మారితే వెస్టు మరొకరి ఒంటి మీదికి పోతుంది.

2004లో అమెరికా కేంద్ర ప్రభుత్వం నిమ్స్ పేరుతో ఈ అచ్చునే దేశమంతటికీ ఇచ్చింది. మరుసటి ఏడాది న్యూయార్క్ తనకు తగినట్టు మలుచుకుంటూ రసాయన ప్రమాదాల్లో తొలి పెత్తనం పోలీసులకిచ్చింది. అగ్నిమాపక విభాగం పెద్దలు బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. అమరిక పటంలో గీసిన పెట్టె ఎంత బాగున్నా, అందులో ఏ పేరు రాయాలన్న తగువును పెట్టె తీర్చదు. మన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010 మార్గదర్శకాలు దీన్నే మన పాలనకు మలిచి, జిల్లాలో బాధ్యతను కలెక్టరుకిచ్చాయి.

నాకు అన్నింటికంటే నచ్చింది 221వ ఫారం. ఆపద సద్దుమణిగాక ఇంటికి పోయే ముందు నింపేది. రేడియో అప్పగించావా, సామాను లెక్క చెప్పావా అని ఒక్కో విభాగం సంతకం పెట్టాలి. అవన్నీ పడ్డాకే బండి కదులుతుంది.