శిఖరం లేని గోపురాలు

కథలు రాసేవాళ్ళు కథలే చదివితే చాలదని నా నమ్మకం. బొమ్మలు గీసేవాళ్ళ దగ్గరా, రాళ్ళు చెక్కేవాళ్ళ దగ్గరా మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. నా మటుకు నాకు అలాంటి బడి తాడిపత్రి.

తాడిపత్రి అనగానే వంటింట్లో పరిపించుకునే నాపబండలు గుర్తొస్తాయి కదూ? వానలకు మొహం వాచిన అనంతపురం సీమలో, పెన్న ఒడ్డున ఉన్న ఊరది. అక్కడి బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడిని విజయనగర ప్రభువుల కాలంలో, 15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దం మొదట్లో కట్టారు. దాని ఉత్తర, దక్షిణ గోపురాలు రెండూ అసంపూర్తిగానే ఉండిపోయాయి. మామూలుగా ఇలాంటి గోపురాలకి అడుగుభాగం రాతితో, పై అంతస్తులు ఇటుకా సున్నంతో కడతారు. ఇక్కడ ఆ పై అంతస్తులు లేవు. ఉన్నది రాయి ఒక్కటే.

'అయ్యో, సగంలో ఆగిపోయిందే!' అని జాలిపడబోతాం. దగ్గరికి వెళితే ఆ మాట నోటికి రాదు. అడుగు వరస నుంచీ తీగలు, గూళ్ళు, స్త్రీమూర్తులు, ఎక్కడా ఉలి తొందరపడినట్టు కనిపించదు. మన దేశపు కట్టడాల చరిత్ర రాసిన ఫెర్గుసన్ కూడా 1876లో అచ్చయిన తన గ్రంథంలో ఈ గోపురాలను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

నన్ను ఆకట్టుకున్నది ఆ శిల్పుల పనితీరు. శిఖరం లేచాక కింద చెక్కుదాంలే అనుకోలేదు వాళ్ళు. కళ్ళెదుట ఉన్న వరసే సర్వస్వమన్నట్టు చెక్కారు.

మన సీరియల్ నవలల్లో జరిగేది దీనికి తలకిందులు. అసలు సంగతంతా ఆఖరి వారానికి దాచేసి, నడిమి వారాలను కారు ప్రమాదాలతోనూ, చేతులు మారిన ఉత్తరాలతోనూ నింపేస్తుంటారు. అదంతా ఇటుకా సున్నమూను. ముడి వీడిపోయాక ఆ నవలను రెండోసారి ఎందుకు చదవాలి చెప్పండి?

అయితే ముగింపు అక్కర్లేదా అంటారేమో. ఎందుకు అక్కర్లేదూ! ఎంత ఎత్తు లేపాలో తెలియకుండా ఎవరూ అంత వెడల్పు పునాది వెయ్యరు. శిఖరం మనసులో ఉండాల్సిందే. కానీ దాని పేరు చెప్పి కింది వరసను మొరటుగా వదిలెయ్యకూడదు.

నన్నయగారినే తీసుకోండి. 11వ శతాబ్దంలో ఆయన రాసింది రెండున్నర పర్వాలే. 13వ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నారు. అరణ్యపర్వంలో మిగిలిన భాగం 14వ శతాబ్దంలో ఎర్రన చేతుల్లో పూర్తయింది. నన్నయగారు వేసిన వరస గట్టిది కనుకే తర్వాతివాళ్ళకి దాని మీద కట్టాలనిపించింది.

ఈ పాఠం మగవాళ్ళకంటే మనకే ఎక్కువ అవసరం. అన్నం వార్చి, పిల్లల్ని బడికి పంపి, అత్తగారికి మందిచ్చి, ఆ మధ్యలో దొరికిన అరగంటలో రాసుకుంటాం. ఏ నవల ఏ పేజీలో ఆగిపోతుందో మన చేతుల్లో ఉండదు. ఎందరు ఆడవాళ్ళ ట్రంకుపెట్టెల్లో సగం రాసిన నోటుపుస్తకాలు లేవు!

అందుకే, ఇవాళ రాసిన పేజీని ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. దీని తర్వాత ఒక్క ముక్కయినా రాయలేకపోతే ఇది నిలుస్తుందా? నిలవదనిపిస్తే, రాబోయే మలుపు సంగతి కాసేపు పక్కనపెట్టి ఆ పేజీలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళండి. ఆమె ఏ రంగు చీర కట్టిందో తర్వాత చూసుకోవచ్చు. కళ్ళెదుట పాలు పొంగిపోతున్నా ఎందుకు కదల్లేదో, ముందు అది రాయండి.