గుంటూరు ఎటూ పోదు, కల్లం ఆగదు

చూసిన నగరానికే మళ్లీ మళ్లీ వెళ్లడం దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. హైదరాబాదులో ఉద్యోగం చేసుకునే నాకు సెలవు దొరికిందంటే మనసు గుంటూరు వైపే లాగుతుంది. బ్రాడీపేటలో లైను నంబరు, అడ్డరోడ్డు నంబరు తెలిస్తే చాలు, ఎవరినీ దారి అడిగే పని లేదు. కొత్తగా వచ్చినవాళ్లకు జిన్నా టవర్ మువ్వన్నెల్లోనే కనిపిస్తుంది. 2022లో ఆ రంగులు వేయకముందు అది ఎలా ఉండేదో పాతకాపులకు గుర్తుంటుంది. ఒక ఊళ్లో మారిందేమిటో, నిలిచిందేమిటో తెలియాలంటే తిరిగి వెళ్లడం ఒక్కటే మార్గం.

అయినా సంక్రాంతికీ ఉగాదికీ నడుమ సెలవు దొరికితే నా ఓటు పల్లెకే.

గుంటూరు మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవు. వారాంతంలో వెళ్లే ఉద్యోగులకు యార్డు ఘాటు తగులుతుందేమో గానీ బేరం కనపడదు. మే నెలలో ఎండలు ముదిరితే వేసవి సెలవులు కూడా ఇస్తారు. మిరపకాయ ఆరబోసే కల్లానికి మాత్రం ఆదివారం లేదు. కాయ ఎండటానికి పట్టే రోజులు పట్టాల్సిందే, ఆలోగా వాన పడకూడదు. ఆ కొద్దివారాలూ దాటాయంటే మళ్లీ ఏడాది దాకా ఆ పని చూడలేం.

గుంతకల్లు వైపు వెళ్లే రైలెక్కితే నరసరావుపేట, వినుకొండ దాటి కురిచేడు, దొనకొండ దాకా మిరప పండే నేలంతా కిటికీలోంచే చూడొచ్చు. ఎక్కడో ఒకచోట దిగి పొలాల వైపు నడిస్తే చాలు. నల్లరేగడిలో ఒక పక్క తీత అయిపోయిన పత్తికట్టె, ఇంకో పక్క మిరప తోట, గట్టున ఎర్రగా పరిచిన కల్లం. కర్నూలు వైపు నుంచి పిల్లాపాపలతో వలస వచ్చిన కూలీలు పొలాల దగ్గరే గుడిసెలు వేసుకుని ఉంటారు. పొద్దున మంచు ఆరాక కాయ పరుస్తారు, సాయంత్రం కుప్ప చేసి పట్టా కప్పుతారు. ఆడవాళ్లు వరసగా కూర్చుని, తెల్లబారిన తాలు కాయలు ఏరి పక్కన పోస్తుంటారు. తాలుకు పలికే ధర మంచి కాయ ధరకు ఎంతో కింద ఉంటుంది కాబట్టి రైతు కళ్లన్నీ ఆ వేళ్ల మీదే.

కాయ ఎండిందని ఎలా తెలుస్తుందని అలాంటి చోట ఒకామెను అడిగాను. గుప్పెడు తేజ రకం కాయలు తీసి నా చెవి దగ్గర ఊపింది. "వినక్కా, గింజ గలగలమనల్ల. చప్పుడు లేదంటే ఇంకా తడి ఉన్నట్టే" అంది. కాయ తడిగా బస్తాకెక్కితే బూజు పడుతుంది, రంగు చెడుతుంది, యార్డులో ధర పడిపోతుంది. లాం వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో పుట్టిన ఎల్‌సీఏ 334 రకం అయినా, సన్నటి తేజ అయినా బేరానికి ముందు ఈ పరీక్ష దాటాల్సిందే.

పల్లెలో చూడటానికి ఏముంది అనేవాళ్లను మోటుపల్లి తీసుకెళ్లాలనిపిస్తుంది. చీరాల దాటాక సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. అక్కడి వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునేవారు. మా రేవులో మామూలు సుంకం తప్ప మీ సొమ్ము ముట్టుకోమని గణపతిదేవుడు వర్తకులకు మాటిచ్చాడు. ఆ శతాబ్దం చివర్లో ఇక్కడి సంగతులు రాసిన మార్కో పోలో ఈ సీమలో నేసే సన్నటి బట్టను అబ్బురంగా పొగిడాడు. సరుకు పండించే నేలకూ దాన్ని అమ్మే రేవుకూ ఉన్న బంధం మన దగ్గర ఎంత పాతదో ఆ గుడిలో నిలబడితే అర్థమవుతుంది.

పల్లెకు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కల్లం పని జరిగే చోటు, వేడుక చూసే చోటు కాదు. అడిగి అడుగు పెట్టాలి. పరిచిన కాయ మీద నడవకూడదు. పని ఆపించి ఫొటోలు తీయకూడదు. ఏరే చేతికి ఆ పూట పనికే కూలి, ఆ పూట వాళ్లది.

ఇలా ఒకసారి వెళ్లొచ్చాక గుంటూరే నాకు కొత్తగా అర్థమైంది. యార్డులో కొనుగోలుదారు కాయను విరిచి ఎందుకు చూస్తాడో, ఊరి చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు ఎందుకున్నాయో, రేటు పడిన రోజు రైతు ముఖం ఎందుకు అలా ఉంటుందో తెలిసింది. అందుకే నగరమా, పల్లెటూరా అనే ప్రశ్నకు నేను రుతువునే జవాబు చెప్పనిస్తాను. వానాకాలంలో, ఎండల్లో గుంటూరు వీధులు. మాఘ ఫాల్గుణాల్లో పొలం గట్లు. గుంటూరును ప్రేమించేవాళ్లు ఏడాదికి ఒక్క సెలవైనా ఆ ఊరికి అన్నం పెట్టే నేలకు ఇవ్వాలి.