ఆంగ్ల వ్యాకరణ సందేహాలు – తెలుగు వాక్య సాక్ష్యం

వ్యాస సంగ్రహం

తెలుగు మాతృభాషగా గల అభ్యాసకులకు ఆంగ్లంలో కలిగే వ్యాకరణ సందేహాలను తప్పొప్పుల పట్టికలతో తీర్చడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆ సందేహాలు అజ్ఞానానికి గుర్తులు కావనీ, వాటిలో చాలావాటికి తెలుగు వాక్య నిర్మాణమే మూలమనీ, సమాధానం కూడా అక్కడి నుంచే మొదలు కావాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మాతృభాషా ప్రభావమనే వివరణకు గల పరిమితిని కూడా చర్చిస్తుంది.

కీలక పదాలు: మాతృభాషా ప్రభావం, తద్ధర్మార్థం, నిర్దిష్టత, దోష విశ్లేషణ

ఉపోద్ఘాతం

సి.పి. బ్రౌన్ 1840లో ప్రకటించిన తెలుగు వ్యాకరణం ఆంగ్లంలో, ఆంగ్లం తెలిసిన అభ్యాసకుల కోసం రాసినది. ఆంగ్లేయుడికి తెలుగు కొరుకుడు పడనప్పుడు రెండు భాషల స్వభావాన్ని వివరించే గ్రంథం అవసరమైంది. తెలుగు విద్యార్థికి ఆంగ్లం కొరుకుడు పడనప్పుడు మాత్రం ‘ఇది తప్పు, ఇది ఒప్పు’ అనే రెండు నిలువు వరుసలు చాలునన్న భావన స్థిరపడింది. మొదటి సందర్భంలో కష్టానికి కారణం భాషాభేదం. రెండవ సందర్భంలో కారణం విద్యార్థి లోపం! ఈ అసమానత వల్ల తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థి తనకు కలిగిన సందేహాన్ని పైకి అడగడానికే వెనుకాడతాడు.

భాషాశాస్త్రం ఈ దృష్టిని ఎప్పుడో ప్రశ్నించింది. రాబర్ట్ లాడో 1957లో రెండు భాషలను పోల్చి చూస్తే అభ్యాసకుడికి ఎదురయ్యే కష్టాలను ముందే ఊహించవచ్చునన్నాడు. ఎస్. పిట్ కార్డర్ 1967లో దోషాలు అభ్యాసకుడి మనసులో రూపుదిద్దుకుంటున్న భాషావ్యవస్థకు సాక్ష్యాలని ప్రతిపాదించాడు. ఈ రెండు దృక్పథాల వెలుగులో తెలుగువారికి తరచుగా కలిగే కొన్ని సందేహాలను పరిశీలించవలసి ఉంది.

క్రియ – కాలం

‘హి విల్ గెటప్ ఎట్ సిక్స్ డైలీ’ అన్న వాక్యం ఎందుకు తప్పని విద్యార్థి అడుగుతాడు. నిత్యకృత్యానికి ‘విల్’ అవసరం లేదన్న సమాధానం సరైనదే కాని, సందేహం పుట్టిన చోటును అది తాకదు. ‘ఆయన రోజూ ఆరింటికి లేస్తాడు’, ‘ఆయన రేపు ఆరింటికి లేస్తాడు’ అనే రెండు వాక్యాలలోనూ క్రియారూపం ఒక్కటే. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) భవిష్యదర్థాన్నీ తద్ధర్మార్థాన్నీ వేర్వేరుగా పేర్కొంది. నేటి వ్యవహారంలో ఆ రెండింటినీ ‘లేస్తాడు’ వంటి రూపమే మోస్తున్నది. తన భాషలో ఒకటిగా ఉన్నదాన్ని ఆంగ్లంలో రెండుగా విడదీయవలసి రావడమే విద్యార్థి కష్టం. తద్ధర్మార్థాన్ని తెలుగు పాఠంలోనే చదువుకున్న విద్యార్థికి ఈ భేదం కొత్తది కాదు. దాన్ని గుర్తుచేసేవారే కరువు.

భూతకాలంలోనూ ఇదే పరిస్థితి. ‘నిన్న వచ్చాను’, ‘ఇప్పుడే వచ్చాను’ అన్నప్పుడు సమయభేదాన్ని క్రియ కాక ‘నిన్న’, ‘ఇప్పుడే’ అనే పదాలు చెబుతాయి. ఆంగ్లం గడిచిపోయిన నిన్నటికి ‘కేమ్’ అనీ, వర్తమానంతో ముడిపడిన రాకకు ‘హావ్ కమ్’ అనీ క్రియనే మారుస్తుంది. ‘ఐ హావ్ కమ్ యెస్టర్డే’ అన్న వాక్యం ఈ భేదం వద్ద పుట్టినదే.

నిర్దిష్టత

‘ది’ ఎక్కడ వాడాలన్నది అందరూ అడిగే ప్రశ్న. తెలుగులో దానికి సాటి అయిన పదం లేదు కనుక నియమాలను కంఠస్థం చేయక తప్పదని చెబుతుంటారు. సాటి పదం లేకపోవడం నిజమే కాని, ఆ భావం తెలుగుకు లేదనడం సరికాదు. ‘పుస్తకం చదివాడు’, ‘పుస్తకాన్ని చదివాడు’ అనే వాక్యాలను పోల్చితే, రెండవదానిలో వక్తకూ శ్రోతకూ ముందే తెలిసిన పుస్తకమన్న స్ఫురణ సాధారణంగా కలుగుతుంది. అమహద్వాచక కర్మ విషయంలో ద్వితీయా విభక్తి ఉండడం, లేకపోవడం అనే ఐచ్ఛికత నిర్దిష్టతను సూచించడానికి ఉపకరిస్తున్నది. ‘ఆ’ అనే విశేషణం కూడా ఇందుకు తోడ్పడుతుంది. ఆంగ్లంలోని ప్రయోగాలన్నీ దీనితో తేలకపోయినా, విద్యార్థికి తెలిసిన భావం నుంచి పాఠాన్ని ఆరంభించడం సాధ్యమవుతుంది.

అవును – కాదు

కొన్ని సందేహాలు పరీక్షలో మార్కులతో ముగిసిపోవు. ‘మీరు మాత్ర వేసుకోలేదు కదా?’ అని వైద్యుడు అడిగితే, వేసుకోని రోగి ‘అవునండీ’ అంటాడు. ఎదుటివారి మాట నిజమని ఒప్పుకోవడం ఇక్కడ ‘అవును’ పని. అదే ప్రశ్నకు ఆంగ్లంలో ‘యెస్’ అంటే మాత్ర వేసుకున్నట్లు అర్థం చేసుకునే అవకాశం ఉంది. ఆంగ్ల సమాధానం అడిగినవారి మాటను కాక జరిగిన విషయాన్ని అనుసరిస్తుంది కనుక ‘నో’ అనాలి. ఆసుపత్రిలో, న్యాయస్థానంలో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో ఈ ఒక్క మాట సత్యాన్ని తలకిందులు చేయగలదు. ‘యెస్ అంటే అవును’ అని నేర్పే పదపట్టిక ఈ ప్రమాదం గురించి హెచ్చరించదు.

మాతృభాషా ప్రభావం – పరిమితి

అయితే ప్రతి దోషాన్నీ తెలుగు మీదికి నెట్టడం కూడా పరిశీలనను ఎగవేయడమే. ‘ఐ యామ్ నోయింగ్’ అన్న ప్రయోగం ఇందుకు ఉదాహరణ. ‘నాకు తెలుసు’ అన్న వాక్యంలో కర్తృపదం ‘-కు’ ప్రత్యయంతో ఉంది. క్రియకు ‘-తున్న’ రూపం లేదు. యథాతథంగా అనువదించినా ఆ ఆంగ్ల వాక్యం రాదు. పైగా ఇటువంటి ప్రయోగం ఇతర భారతీయ భాషలవారి ఆంగ్లంలోనూ కనిపిస్తుంది. వర్తమానమంటే ‘ఇంగ్’ రూపమే అన్న పాఠాన్ని విద్యార్థి అన్ని క్రియలకూ విస్తరించడం దీనికి కారణం కావచ్చు. ‘ఐ యామ్ బిలీవింగ్’ విషయం వేరు. అక్కడ ‘నమ్ముతున్నాను’ అన్న తెలుగు రూపం సిద్ధంగా ఉంది. పైకి ఒకేలా కనిపించే రెండు దోషాలకు వేర్వేరు కారణాలు ఉండవచ్చునన్నది ఇక్కడ గమనార్హం.

కొరత ఎప్పుడూ తెలుగువైపే ఉండదు కూడా. ‘మీరు మీ తల్లిదండ్రులకు ఎన్నో సంతానం?’ అన్న ప్రశ్నను ఆంగ్లంలో ఎలా అడగాలని విద్యార్థి సందేహిస్తే, ‘ఎన్నో’ అన్న పూరణార్థక ప్రశ్నకు ఆ భాషలో స్థిరపడిన ఒక్క పదం లేదని చెప్పడమే నిజాయితీ గల సమాధానం.

ఉపసంహారం

చేకూరి రామారావు ‘తెలుగు వాక్యం’ (1975), భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ కలిసి రచించిన ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) వంటి గ్రంథాలలో ఇటువంటి వివరణకు కావలసిన సామగ్రి ఉంది. దానిని ఆంగ్ల బోధనకు అందించడం తెలుగు శాఖల బాధ్యతల్లో ఒకటి. తప్పును దిద్దే ముందు దానికి మూలమైన తెలుగు వాక్యాన్ని విద్యార్థి చేతనే చెప్పించి, రెండు భాషలలో అర్థం ఎక్కడ ఏ రూపంలో నిలిచిందో పోల్చి చూపాలి. అలా చేసినప్పుడు విద్యార్థి ఆంగ్లంతోపాటు తన భాషను కూడా ఎరుకతో నేర్చుకుంటాడు. అతడు అడిగిన ప్రశ్న తెలుగు వ్యాకరణ పరిశోధనకు కూడా ఆధారంగా నిలుస్తుంది.