కంప్యూటరు పెట్టె మనిషికి ఒదుగునా?

హైదరాబాదు తూర్పు అంచున ఉప్పల్ చౌరస్తా పరిసరములలో జిరాక్సు దుకాణములకు కొదువ లేదు. విద్యార్థి పెన్‌డ్రైవు చేతికిచ్చును. దుకాణములోని పనివాడు కుర్చీనుండి ముందుకు వంగి, బల్లక్రిందనున్న కంప్యూటరు పెట్టెలో దానిని గ్రుచ్చును. మొదటిసారి అది దూరదు. త్రిప్పి మరల గ్రుచ్చును. అచ్చు తీసిన పిమ్మట దానిని ఊడదీయుటకు ఇంకొకసారి వంగును. పరీక్షల కాలములో ఈ వంగుట రోజంతయు సాగును. సాయంకాలమునకు నడుము నొప్పి పుట్టినచో దోషము వయస్సుదా, కుర్చీదా అని విచారింతురే గాని, పెట్టెను ఎవరును అనుమానింపరు.

లెక్క వేసి చూడుడు. 60 కిలోగ్రాముల మనిషిలో నడుముపై భాగము సుమారు 35 కిలోగ్రాములుండును. మొండెము నేలకు సమాంతరమగునంతగా వంగినపుడు, ఆ బరువు వెన్నెముక అడుగుభాగమునుండి సుమారు 25 సెంటీమీటర్ల దూరమున పనిచేయును. దానిని నిలువరించు వీపు కండరములకు దొరకు దూరము 5 సెంటీమీటర్లు మాత్రమే. తులాదండ సూత్రము ప్రకారము అవి లాగవలసిన బలము 35 × 25 ÷ 5, అనగా 175 కిలోగ్రాముల బరువుతో సమానము. పెన్‌డ్రైవు బరువు కొన్ని గ్రాములే!

పనిముట్టును మనిషికి తగినట్లు మలచు విద్యకు ఎర్గొనామిక్స్ అని పేరు. గ్రీకు భాషలో ‘ఎర్గాన్’ అనగా పని, ‘నోమోస్’ అనగా నియమము. 1857లో పోలండు దేశపు శాస్త్రజ్ఞుడొకడు ఈ మాటను పుట్టించెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము బ్రిటనులో అది ప్రత్యేక శాస్త్రముగ స్థిరపడెను. ఈ శాస్త్రము తెరను, కీబోర్డును, కుర్చీని విస్తారముగ విచారించినది. పెట్టె మాత్రము సరియైన పేరునకు కూడ నోచుకొనలేదు. పాఠశాలలలో దానిని ‘సి.పి.యు.’ అందురు. నిజమునకు సి.పి.యు. అనునది లోపలనున్న చిన్న చిప్పు. పెట్టె దాని ఇల్లు మాత్రమే.

ఈ ఇల్లు మొదటినుండియు ఇట్లు లేదు. 1981లో ఐ.బి.ఎమ్. వారి వ్యక్తిగత కంప్యూటరు వచ్చినపుడు పెట్టె బల్లమీద అడ్డముగ పరుండెను. ఎత్తు సుమారు 5½ అంగుళములు. దానిపై తెరను ఉంచిన కంటికి కొంత ఎత్తు దొరకెను. ఫ్లాపీ పెట్టు నోరు చేతికి ఎదురుగ నుండెను. స్విచ్చును మాత్రము కుడిప్రక్కన వెనుకగా దాచిరి. తరువాత, పెట్టె బల్లను ఆక్రమించుచున్నదని దానిని నిలువుగ నిలిపిరి. ఆ పిమ్మట బల్లక్రిందికి దింపిరి. 1995లో ఇంటెల్ సంస్థ ప్రకటించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణము లోపలి పలక కొలతలను (305 × 244 మిల్లీమీటర్లు), మరల రంధ్రములను, వెనుకభాగపు కిటికీని నిర్ణయించెను. ఏ దేశపు పలకయైనను ఏ దేశపు పెట్టెలోనైనను ఇముడుచున్నదన్నచో అది ఆ ప్రమాణము చలవయే. కాని మనిషి చేయి పోవు ముందుభాగమును గూర్చి అట్టి కట్టుబాటు లేదు. అది తయారీదారు అభిరుచికి విడువబడెను. పలకకు దొరకిన మర్యాద మనిషికి దొరకలేదు.

ఈ ప్రాంతమునకు కంప్యూటరు క్రొత్త కాదు. నాచారము, మల్లాపురము దాటి కుషాయిగూడవైపు పోయినచో ఇ.సి.ఐ.ఎల్. కర్మాగారము వచ్చును. డాక్టరు ఏ. ఎస్. రావు సారథ్యమున 1967లో స్థాపింపబడిన ఈ సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించెను. ఆనాటి మినీకంప్యూటర్లు అలమరలంతేసి యుండెడివి. వానిని సుఖమైన యంత్రములనుట అతిశయోక్తి యగును. అయినను స్విచ్చులు, దీపములు ముందు పలకమీద, నడుపువాని కంటికిని చేతికిని ఎదురుగ నుండుట వాడుక. యంత్రమునకు ముఖమనునది ఒకటి యుండెను.

ఇప్పటి పెట్టె నేల చేరినందున గాలిని కూడ నేలవద్దనే పీల్చును. చీపురు లేపిన దుమ్ము ముందుగ దాని ముక్కులోనికి పోవును. నాచారము పారిశ్రామికవాడలో లోహపు పని జరుగు షెడ్డులందు ఆ దుమ్ములో ఇనుపరజను కూడ కలియును, అది విద్యుద్వాహకము. లోపలి లోహపు రెక్కలపై దుమ్ము దుప్పటివలె పరచుకొనగా వేడి బయటకు పోదు, పంకా గోలపెట్టును. వడపోత జాలి గల పెట్టెలున్నవి. కాని కొన్నింటిలో దానిని తీయుటకు పెట్టెను పడుకోబెట్టవలెను. అందుచే ఎవరును తీయరు.

దుమ్ము రాకుండుటకై అనేక పాఠశాలలలో విద్యార్థులు చెప్పులు బయట విడిచి కంప్యూటరు గదిలోనికి పోవుదురు. అసలు చిక్కు ఇచ్చట నున్నది. పెట్టె ఉక్కురేకుతో చేయబడినది. విద్యుత్తును అందించు భాగములో, విద్యుత్ తీగనుండి రేకునకు ఒకటి, న్యూట్రలునుండి రేకునకు ఒకటి, చిన్న కెపాసిటర్లుండును. అధిక పౌనఃపున్యపు రొదను భూమిలోనికి పంపుట వాని పని. ఎర్తు తీగ సరిగ నున్నచో ఏ బాధయు లేదు. లేనిచో రెండు కెపాసిటర్ల నడుమ చిక్కిన రేకు 230 వోల్టులలో సగమునకు, అనగా సుమారు 115 వోల్టులకు చేరును. కెపాసిటరు 2.2 నానోఫారడులైనచో దానిని తాకినవానిలో ప్రవహించునది 0.16 మిల్లీఆంపియరు మాత్రమే. వ్రేలికి సన్నని జిల తోచవచ్చును, తోచకపోవచ్చును. కాని పది పెట్టెలను ఎర్తు లేని ఒకే పొడుగు పలకకు తగిలించినచో అవి కూడి 1.6 మిల్లీఆంపియర్లగును. అది స్పష్టముగ తెలియు షాకు. ఇక లోపల తీగ తొడుగు చెడి రేకును తాకెనా, ఈ లెక్కలేవియు నిలువవు, ప్రాణాపాయము.

బూట్లు, కుర్చీ, తివాచీ, ఎర్తు గల మూడు రంధ్రముల ప్లగ్గు, ఇవన్నియు ఉన్న గదిని మనసున ఉంచుకొని ఈ పెట్టె రూపొందినది. ఇచ్చట వట్టికాలు, రాతినేల. మూడు కడ్డీల ప్లగ్గును రెండు రంధ్రముల సాకెట్టులో దూర్చుటకు చవకబారు మార్పిడి ముక్క. ఉపాధ్యాయుడు పూనుకొని, తెలిసిన ఎలక్ట్రీషియను సహాయముతో, పెట్టె రేకునకును నిజమైన ఎర్తునకును నడుమ మీటరుతో వోల్టేజి చూపించిన అది విద్యార్థులకు మంచి పాఠమగును. సున్నకు దగ్గరగ నున్న సరే. నూరు దాటిన ఆ గది తాళము వేయదగినది.

ఇటీవలి పెట్టెలకు గాజు తలుపులు, రంగురంగుల దీపములు వచ్చినవి. విద్యుత్తు వచ్చుచున్నదని తెలుపుటకు ఒక దీపము, డిస్కు తిరుగుచున్నదని తెలుపుటకు ఇంకొకటి ఎప్పటినుండియో కలవు. కొన్ని యు.పి.ఎస్. యంత్రములకు వైరింగు దోషమును చూపు దీపము కూడ కలదు. ఎర్తు ఉన్నదో లేదో చెప్పు దీపము మాత్రము బడిపిల్లల ముందునకు వచ్చు ఈ పెట్టెలమీద కనబడదు.