జి.ఎం.ఏ. 950: పట్టిక చెప్పినదెంత, చేసినదెంత?

ఏ యంత్రమునకైనను తయారీదారులు ఒక గుణముల పట్టికను జత చేయుదురు. అందలి అంకెలు సాధారణముగా అబద్ధములు కావు. అయినను అవి యంత్రమునకు గల గరిష్ఠావధిని మాత్రమే చెప్పును. అది నిత్యము చేయు పనిని చెప్పవు. ఈ భేదమును విద్యార్థులకు విశదపరచుటకు ఇంటెల్ సంస్థ వారి జి.ఎం.ఏ. 950 అను గ్రాఫిక్స్ ప్రాసెసర్ చక్కని ఉదాహరణము.

ఇది 945 చిప్‌సెట్‌లో అంతర్భాగముగా 2005లో బల్లమీది కంప్యూటర్లకును, 2006 ఆరంభమున లాప్‌టాప్‌లకును వచ్చినది. దీని పూర్తి పేరు గ్రాఫిక్స్ మీడియా యాక్సెలరేటర్. అనగా బొమ్మల పనిని వేగవంతము చేయునది అని అర్థము. దీనికి విడిగా కార్డు లేదు, సొంత మెమరీ లేదు. కంప్యూటర్ యొక్క ముఖ్య మెమరీ నుండియే 224 మెగాబైట్ల వరకు తీసికొని పని చేయును. 2006 మే నెలలో వెలువడిన మాక్‌బుక్‌లో ఉన్నది ఇదియే.

పట్టికలో గొప్పగా కనిపించు అంకె పిక్సెళ్లది. తెర మీది బొమ్మ పిక్సెళ్లు అను చిన్న చుక్కల కూర్పు. జి.ఎం.ఏ. 950లో వాటిని నింపు మార్గములు 4 కలవు. బల్లమీది కంప్యూటర్‌లో 400 మెగాహెర్ట్జ్ వేగమున ఇది సెకనుకు 160 కోట్ల పిక్సెళ్లను నింపగలదని లెక్క. లాప్‌టాప్‌లో గరిష్ఠ వేగము 250 మెగాహెర్ట్జ్ మాత్రమే. పేరు మారలేదు గాని లెక్క 100 కోట్లకు దిగినది. అదియు తక్కువ కాదు గదా అని తోచవచ్చును. మాక్‌బుక్ తెరపై 1280 × 800, అనగా 10,24,000 పిక్సెళ్లు కలవు. సెకనుకు 60 సార్లు తెరనంతటిని నింపినను 6 కోట్ల 14 లక్షలే అగును. పట్టికను నమ్మినచో పదహారు రెట్ల శక్తి మిగిలియుండవలెను. అనుభవములో మాత్రము నాటి కొత్త ఆటలు దీనిపై తడబడుచు నడచినవి. కారణమేమి?

ఒక పిక్సెల్‌ను నింపుటకు మెమరీతో ఎన్ని రాకపోకలు జరుగునో చూడుడు. ముందున్న వస్తువేదో తెలియుటకు దూరపు విలువను చదువవలెను: 4 బైట్లు. కొత్త దూరమును వ్రాయుటకు 4, రంగును వ్రాయుటకు 4, ఉపరితలపు బొమ్మను చదువుటకు కనీసము 4. మొత్తము 16 బైట్లు. 100 కోట్ల పిక్సెళ్లకు 1,600 కోట్ల బైట్లు కావలెను. ఆ లాప్‌టాప్‌ల డి.డి.ఆర్. 2 మెమరీ సెకనుకు 66 కోట్ల 70 లక్షల సార్లు, ఒక్కొక్క సారి 8 బైట్ల చొప్పున, రెండు దారులలో అందించును. అనగా సుమారు 1,067 కోట్ల బైట్లు. ఒకే మెమరీ పలక ఉన్న యంత్రములో ఇది సగమగును. ఆ సగమంతయు బొమ్మలకే ఇచ్చినను 33 కోట్ల పిక్సెళ్లకు మించి సాగదు. పైగా ముఖ్య ప్రాసెసర్ కూడ అదే దారిలో తన వాటా తీసికొనును. చిప్‌లోని చిన్న నిల్వలు కొన్ని రాకపోకలను తప్పించును గాని ఆ కొరతను పూర్తిగా తీర్చజాలవు. ఆటలలోనైతే దూరపు గోడ, దగ్గరి చెట్టు, నడుమ పొగ ఇట్లు ఒకే చుక్కను పలుమార్లు నింపవలసి వచ్చును. చెరువెంత పెద్దదైనను తూము వెడల్పును బట్టియే పొలమునకు నీరందును గదా!

రెండవ లోపము పట్టికలో స్పష్టముగా కనిపించదు. త్రిపరిమాణ చిత్రములోని వస్తువులన్నియు త్రిభుజముల కూర్పులు. ప్రతి దృశ్యమునకు ఆ త్రిభుజ శీర్షముల స్థానములను మరల గణింపవలెను. ఒక్కొక్క శీర్షమునకు 16 గుణకారములు, 12 సంకలనములు. కాంతి లెక్కలు వేరు. ఈ పనికి జి.ఎం.ఏ. 950లో విభాగమే లేదు! ఆ భారమంతయు ముఖ్య ప్రాసెసర్‌పై పడును. ఆట నియమములు, శబ్దము మున్నగు పనులు కూడ దానివే. వేగవర్ధకమని పేరు పెట్టుకొని ముఖ్యమైన పనిని మరియొకరికి అప్పగించుట విమర్శింపదగినదే.

2006లోనే మాక్‌బుక్ ప్రోలో అమర్చిన రేడియన్ ఎక్స్ 1600తో పోల్చినచో విషయము తేటపడును. అదియు ఒక తడవకు 4 పిక్సెళ్లనే వెలువరించును. ఆ గడిలో రెండును సమానములే. కాని దానికి 128 లేక 256 మెగాబైట్ల సొంత మెమరీ, శీర్షముల లెక్కకు 5 విభాగములు, పిక్సెళ్ల రంగుల లెక్కకు 12 విభాగములు కలవు. ఒక్క అంకెతో తీర్పు చెప్పినవాడు ఈ రెండింటిని ఒకటే అనవలసి వచ్చును.

అట్లని జి.ఎం.ఏ. 950ని పనికిరానిదని త్రోసివేయుట న్యాయము కాదు. వేరు కార్డు ఖర్చు లేకుండ, తక్కువ విద్యుత్తుతో, వ్రాతపనికి, లెక్కల పట్టికలకు, డి.వి.డి. చలనచిత్రములకు ఇది చక్కగా సరిపోయినది. 2007 జనవరిలో విడుదలైన విండోస్ విస్టాలోని గాజు వంటి కిటికీలను సైతము చూపగలిగినది. దీని ముందుదైన 915 చిప్‌సెట్‌కు ఆ భాగ్యము లేకపోయినది.

ఉమ్మడి మెమరీయే దోషమనుటయు పొరపాటు. 2007 నవంబరులో మాక్‌బుక్‌లో దీని స్థానమునకు వచ్చిన ఎక్స్ 3100లో శీర్షముల లెక్కకు ఏర్పాటు చేసిరి. మెమరీ మాత్రము ఉమ్మడిదే. 2020లో వచ్చిన ఆపిల్ ఎం 1 చిప్‌లోను మెమరీ ఉమ్మడిదే. కాని అందలి దారి సెకనుకు సుమారు 6,800 కోట్ల బైట్లది. దోషము పంచుకొనుటలో లేదు; ఇరుకు దారిని పంచుకొనుటలో ఉన్నది.

పాత లాప్‌టాప్‌ను కొనదలచిన విద్యార్థి గుణముల పట్టికను చూచి మూడు ప్రశ్నలు వేసికొనవలెను: ఈ అంకె ఏ వేగము వద్ద వచ్చినది? దానికి కావలసిన సమాచారము ఏ దారిన, ఎంత వేగముగ వచ్చును? పట్టికలో చెప్పని పనిని ఎవరు చేయుచున్నారు? ఉపాధ్యాయులు పై గుణకారములను తరగతిలో చేయించినచో ఈ ప్రశ్నల అవసరము పిల్లలకు తామే తెలిసివచ్చును.