గుండీ ఏ వైపు?

మొఘలుల కాలం నాటి చిత్రాల్లో నేను ముందు చూసేది ముఖం కాదు, జామా అనే అంగీకి చంక కింద వేసిన ముడి. ఎడమ వైపు ఉంటే హిందువు, కుడి వైపు ఉంటే ముస్లిం. పేరు రాయని బొమ్మలో మనిషిని గుర్తుపట్టడానికి చరిత్రకారులు చూసే ఆనవాళ్లలో ఇదొకటి. తకౌచియా అనే దేశవాళీ అంగీకి ఎడమ వైపు ఉండే ముడిని అక్బరు కుడికి మార్పించాడని అబుల్ ఫజల్ ‘ఐనీ అక్బరీ’లో రాశాడు. అంత సామ్రాజ్యం ఏలినవాడు అంగీ ముడి దాకా పట్టించుకున్నాడు!

జపాన్‌లో 719లో ఏకంగా రాజాజ్ఞే వచ్చింది: కుడి అంచు లోపలికి, ఎడమ అంచు పైకి. కిమోనో ఇప్పటికీ అలాగే కడతారు. తిరగేసి కట్టేది శవానికి మాత్రమే.

ఇక గుండీలకొస్తే, మొహెంజొదారోలో దొరికిన ఆల్చిప్ప గుండీలు అలంకారానికే. కాజాతో జత కలిసి గుండీ బట్టను బిగించే పనిలోకి దిగింది 13వ శతాబ్దపు ఐరోపాలో. ఆ తర్వాత ఎప్పుడో మగవాళ్ల గుండీలు కుడికి, ఆడవాళ్లవి ఎడమకి చేరాయి. దొరసానులకు పనిమనిషి ఎదురుగా నిలబడి బట్టలు తొడిగేది కాబట్టి అలా కుట్టారంటారు. గట్టి రుజువు లేని కథ అది. నిజమే అనుకున్నా, తన చొక్కా తనే తొడుక్కునే అమ్మాయికి దానితో ఏం పని?

కాజా అంటే నాకు ప్రాణం. చేత్తో వేసే దర్జీ దగ్గర కూర్చుంటే లేవబుద్ధి కాదు. సుద్దతో గీత గీసి, కత్తెర మొనతో చీల్చి, మైనం రాసిన దారంతో అంచు వెంట ఒక్కో కుట్టుకీ చిన్న ముడి పడేలా లాగుతాడు. ఏ కుట్టూ పక్కదాని మీదికి ఎక్కదు. చొక్కా ముందు కాజాలన్నీ నిలువు, కాలర్ పట్టీది మాత్రం అడ్డం. మెడ దగ్గర బట్ట పక్కకి లాగుతుంది కదా, అందుకు. ఇంత ఆలోచించి కుట్టే చేతికి, తొడుక్కునే చేతి వాటం కూడా తెలియాలి.

చొక్కా కుట్టించుకునే అమ్మాయిలూ, ఎడమచేతి వాటం ఉన్న అబ్బాయిలూ! కొలతలిచ్చేటప్పుడే గుండీలు ఏ వైపు కావాలో చెప్పండి. కాజా కోశాక ఇక మార్చడం కుదరదు.