ఊరు అడిగి చేసే ఆపరేషన్

తల పెరిగిన పసిబిడ్డ స్కాన్ చూశాక, తల్లిని నేను ముందుగా అడిగేది "మీది ఏ ఊరమ్మా?" అని. పలకరింపు కోసం కాదు. ఏ ఆపరేషన్ చెయ్యాలో తేల్చేటప్పుడు ఆ జవాబు నాకు స్కాన్ ఎంతో అంత.

మెదడు గదుల్లో నీరు నిత్యం ఊరుతూనే ఉంటుంది. పెద్దవాళ్లలో రోజుకు అరలీటరు. ఊరినదంతా మళ్లీ రక్తంలోకి ఇంకాలి. ఆ దారి మూసుకుపోతే, పసిపుర్రె అతుకులు ఇంకా గట్టిపడలేదు కాబట్టి తల సాగుతుంది. మాడు ఉబ్బుతుంది, నల్లగుడ్లు కిందికి వాలిపోతాయి.

షంట్ వేస్తాం. మెదడు నుంచి చర్మం కిందుగా పొట్టలోకి దిగే సన్నని సిలికాన్ గొట్టం, దానికో వాల్వు. 1956లో అమెరికాలో జాన్ హోల్టర్ అనే మెషినిస్టు ఈ జబ్బున్న తన కొడుకు కోసం సిలికాన్ వాల్వు తయారుచేశాడు. అది ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో! కానీ పసివాళ్లకు వేసిన షంట్లలో దాదాపు సగం రెండేళ్లలోపే చెడతాయి. మూసుకుపోతే వాంతులు, మగత. గంటల్లో ఆపరేషన్ బల్ల మీద ఉండాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఎలాగో తెస్తారు. ఏజెన్సీ గూడెంలో, వాగు పొంగిన రాత్రి?

ఉగాండాలోని ఎంబాలేలో సర్జన్ బెంజమిన్ వార్ఫ్‌కు ఎదురైందీ ఇదే. అక్కడ సగానికి పైగా పిల్లలకు ఇన్ఫెక్షన్ తర్వాత వచ్చిన జబ్బు. మన దేశంలో చవగ్గా తయారయ్యే ఛాబ్రా షంట్ అమెరికా షంట్‌కు తీసిపోదని ఆయన చూపించాడు. అంతటితో ఆగలేదు. ఎండోస్కోప్‌తో మూడో గది అడుగున రంధ్రం చేసి, నీరు ఊర్చే పొరను కాల్చే పద్ధతి పట్టుకున్నాడు. గొట్టం అక్కర్లేదు. అక్కడి 100 మంది పసివాళ్ల మీద జరిపిన అధ్యయనం 2017లో వెలువడింది: ఏడాది తర్వాత మానసిక ఎదుగుదలలో షంట్‌కూ ఈ పద్ధతికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. బిడ్డ తిరిగి వెళ్లే దారిని కూడా లెక్కలోకి తీసుకున్న ఈ శస్త్రచికిత్స మీద నాకు గొప్ప గౌరవం.

"తల మామూలవుతుందా అయ్యా?" అని అమ్మమ్మలు అడుగుతారు. వెంటనే కాదు. పెరగడం ఆగుతుంది, ఒళ్లు ఎదిగి తలను కొంత అందుకుంటుంది. ఎముకలు కోసి తల తగ్గించే ఆపరేషన్ ఉంది గానీ, రక్తం పోయే ప్రమాదం వల్ల దానికి తేలిగ్గా ఒప్పుకోను.

చేసిన రంధ్రమూ మూసుకుపోవచ్చు, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. అందుకే తల్లి చేతికి టేపు ఇచ్చి పంపుతాను. వారానికోసారి కొలిచి రాయాలి. అంకె ఒక్కసారిగా పెరిగినా, మాడు బిగిసినా ఫోన్ కోసం ఆగకుండా బస్సెక్కమంటాను.